వసంతంలో ఒక భవనం మీదికి వచ్చిన బోగాంగ్ చిమ్మటలు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా పరిసరాల్లో భవనాలకు పురుగుల నివారణ సలహాలు ఇవ్వడం నా వృత్తి. నేను చదివింది వ్యవసాయ కీటకశాస్త్రం, అదీ ఆంధ్రలో. ఇక్కడ వివరించే భవనం పేరు, వీధి, అందులో పనిచేసే సంస్థ, సంవత్సరం ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న మరికొన్ని చిన్న వివరాలను మార్చాను. పాఠకులకు ఇంత తెలిస్తే చాలు: ఊరి అంచున, కొండవాలుకు దగ్గరగా, లేత రంగు రాతి ముఖభాగంతో, కింది నుంచి పై దాకా గాజు గోడ ఉన్న మెట్లదారితో, తెల్లవార్లూ దీపాలు వెలిగే బహుళ అంతస్తుల కార్యాలయం అది.

సమస్యకు మూలమైన చిమ్మటను ముందుగా పరిచయం చేయాలి, ఎందుకంటే ఈ కేసులోని ప్రతి నిర్ణయమూ దాని జీవితచక్రం మీదనే ఆధారపడింది. బోగాంగ్ చిమ్మట శాస్త్రీయ నామం అగ్రోటిస్ ఇన్‌ఫ్యూసా. బాపట్లలోనో రాజేంద్రనగర్‌లోనో వ్యవసాయ డిగ్రీ చదివినవారికి శనగ చేలో రాత్రిపూట మొక్కల మొదళ్లు కొరికి పడేసే అగ్రోటిస్ లద్దెపురుగు గుర్తుండే ఉంటుంది. ఇది ఆ ప్రజాతికి చెందినదే, బతుకు తీరు మాత్రం వేరు. దక్షిణ క్వీన్స్‌లాండ్‌లోనూ, న్యూ సౌత్ వేల్స్ లోపలి మైదానాల్లోనూ ఉన్న నల్లరేగడి నేలల్లో శరదృతువులో పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన లద్దెపురుగులు అక్కడి శీతాకాలమంతా, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, వెడల్పాకుల కలుపు మొక్కలనూ పైర్లనూ తిని పెరుగుతాయి. మట్టిలోనే కోశస్థ దశ గడిపి వసంతంలో రెక్కల పురుగులై పైకి వస్తాయి. అప్పటికి మైదానాల్లో ఎండలు ముదిరి, వాటి సంతానం తినవలసిన వెడల్పాకు మొక్కలు ఎండిపోవడం మొదలవుతుంది. గుడ్లు పెట్టినా పిల్లలు బతకవు. అందుకని అవి జత కట్టకుండానే, దూరంలో ఉన్నవి 1,000 కిలోమీటర్ల దాకా రాత్రిళ్లు ఎగురుతూ, ఆస్ట్రేలియా ఆగ్నేయాన ఉన్న ఆస్ట్రేలియన్ ఆల్ప్స్ పర్వతాలకు చేరతాయి.

అక్కడ శిఖరాల దగ్గరి గ్రానైట్ రాతి గుహల్లో, బండల నెరియల్లో, చీకటిగా చల్లగా ఉన్న చోట అవి వేసవి అంతా కదలకుండా గడుపుతాయి. ఒకదాని రెక్కల కింద ఇంకొకటి తల దూర్చి గోడకు అంటుకుని ఉంటాయి. చదరపు మీటరు రాతి మీద సుమారు 17,000 చిమ్మటలు ఉంటాయని 1954లోనే లెక్కగట్టారు. వసంతంలో ఒంట్లో నింపుకున్న కొవ్వే ఆ నెలలన్నిటికీ వాటి ఆహారం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య చల్లబడుతుండగా అవే చిమ్మటలు, వాటి పిల్లలు కాదు, తిరిగి మైదానాలకు ఎగిరి వెళ్లి, జత కట్టి, గుడ్లు పెట్టి చనిపోతాయి. జీవితంలో ఒకేసారి వెళ్లి ఒకేసారి తిరిగి వచ్చే ఈ ప్రయాణానికి దారి చూపే పెద్ద తోడు ఏదీ లేదు. కాన్‌బెర్రా ఆ దారిలో ఉంది.

సమస్య

మొదటి పిలుపు సెప్టెంబరు చివర వచ్చింది. పై అంతస్తుల్లో దీపాల తొడుగుల లోపల, లిఫ్టు గుంతలో, ఏసీ గాలి గొట్టాల్లో ముదురు గోధుమరంగు రెక్కల పురుగులు వేలకొద్దీ చేరుతున్నాయి. రెక్కల పొడి లోపలికి వెళ్లి పొగను పసిగట్టే పరికరాలు ఉత్తపుణ్యానికి మోగుతున్నాయి. కార్పెట్ల మీద జిడ్డు మరకలు పడుతున్నాయి. వీటికి తోడు కిటికీల వెంట చిన్న చిన్న నూగు పురుగులు కనిపిస్తున్నాయని, భవనానికి పురుగు పట్టిందని, లోపల ఎక్కడో గూడు ఉందని నిర్వహణాధికారి గట్టిగా నమ్మారు. అంతకుముందు రెండు వసంతాల్లో వేరొక నివారణ సంస్థ చేత సింథటిక్ పైరిత్రాయిడ్ మందు పొగ పెట్టించారు. పెట్టిన మరునాడు చచ్చిన పురుగులను బస్తాలకెత్తారు, రెండు రోజుల్లో మళ్లీ అన్నీ వచ్చాయి. మందు మోతాదు చాలలేదని, ఈసారి ఇంకా ఘాటైనది కావాలని వారి అభ్యర్థన.

మందు సంగతి మాట్లాడే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ పురుగులు ఇక్కడ పుడుతున్నాయా, ఇక్కడికి వస్తున్నాయా? నివారణ పద్ధతి అంతా దీని మీద ఆధారపడుతుంది. భవనంలో పుట్టే పురుగైతే గుడ్లు, లద్దెపురుగులు, విసర్జన, కొరికిన గుర్తులు ఎక్కడో ఒకచోట దొరకాలి. పైకప్పు పలకలు తీసి, గాలి గొట్టాల్లోకి కెమెరా పంపి వెతికినా అవేవీ లేవు. దొరికినవన్నీ ఎదిగిన రెక్కల పురుగులే, ముందు రెక్క మీద లేత రంగు మచ్చలు రెండు, ఒకటి గుండ్రంగా మరొకటి మూత్రపిండం ఆకారంలో, స్పష్టంగా కనిపించాయి. కొన్ని ఆడ చిమ్మటలను సూక్ష్మదర్శిని కింద కోసి చూస్తే అండాశయాలు ఎదగలేదు, పొట్ట నిండా పసుపుపచ్చని కొవ్వు ఉంది. జత కట్టని, గుడ్లు లేని, కొవ్వు నిండిన చిమ్మట అంటే ప్రయాణంలో ఉన్న చిమ్మట. కార్పెట్ల మీది జిడ్డు కూడా ఆ కొవ్వే, కాలి కింద నలిగినప్పుడు పడిన మరక.

నూగు పురుగులు వేరే జాతివి. అవి కార్పెట్ బీటిల్ అనే పెంకుపురుగు పిల్లలు. చచ్చిన కీటకాలు వాటికి ఇష్టమైన తిండి. అంటే గత రెండు వసంతాల్లో పైకప్పు సందుల్లో చచ్చిన చిమ్మటలే ఈ రెండో సమస్యకు మేత అయ్యాయి. ఈ ఒక్క విషయం నిర్వహణాధికారి ఆలోచన మార్చినంతగా నా మిగతా వివరణ ఏదీ మార్చలేదు. బోగాంగ్ చిమ్మటలు ఉన్నిబట్టలనూ కార్పెట్లనూ తినవు, ఈ నూగు పురుగులు తింటాయి.

మందు ఎందుకు పనిచేయలేదన్నది దీనితోనే తేలిపోతుంది. ఒక రాత్రి భవనంలోకి వచ్చినవన్నీ చచ్చినా మరుసటి రాత్రి వచ్చేవి వేరే చిమ్మటలు, వందల కిలోమీటర్ల అవతలి నుంచి బయలుదేరినవి. పారే కాలువలో చెంబుతో నీళ్లు తోడి గట్టు మీద పోస్తూ, కాలువ తగ్గలేదని పెద్ద చెంబు తెమ్మన్నట్లు ఉంటుంది ఇంకా ఘాటైన మందు అడగడం. నా శాఖలో రోజూ వాడే లెక్కలు, అంటే ఇన్ని పురుగులుంటే ఇంత మందు, ఇన్ని తరాలకు ఇంత తగ్గుదల, అన్నీ ఒకచోట నిలిచి పెరిగే పురుగుకు తయారైనవి. దారిన పోయే పురుగుకు ఆ లెక్కలో చోటు లేదు.

మందు వద్దనడానికి రెండో కారణం భవనం బయట ఉంది. తెల్లవారగానే కాకులు, కరవాంగ్ పక్షులు వచ్చి గోడల వెంట చిమ్మటలను ఏరుకు తింటున్నాయి. మందు తాగి కొనప్రాణంతో కొట్టుకుంటున్నవే వాటికి ముందు దొరుకుతాయి. పర్వతాల మీద సంగతి ఇంకా సున్నితమైనది. అక్కడ సుమారు 45 గ్రాముల బరువుండే మౌంటెన్ పిగ్మీ పాసమ్ అనే చిన్న జంతువు, పొట్ట సంచిలో పిల్లలను మోసే జాతిది, చలికాలపు నిద్ర నుంచి లేవగానే కడుపు నింపుకునేది ప్రధానంగా ఈ చిమ్మటలతోనే. 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనం, చిమ్మటల గుహల బయట గడ్డి చచ్చిపోవడానికి కారణం వాటి కళేబరాల నుంచి వానకు కొట్టుకొచ్చిన ఆర్సెనిక్ అని చూపింది. ఒక్కో చిమ్మట ఒంట్లో ఉన్నది అణుమాత్రమే అయినా, కోట్ల చిమ్మటలు ఒకేచోట పోగుపడితే అది విషమవుతుంది. మైదానంలో ఒంటికి అంటినది కొండ మీదికి చేరుతుందని తెలిశాక, దారిలో మరో మందు తోడు చేయడానికి నాకు మనసొప్పలేదు. పైగా 2017 తర్వాత మైదానాల్లో వచ్చిన తీవ్రమైన కరవులో ఈ చిమ్మటల సంఖ్య కుప్పకూలింది, 2021 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది. భవనంలో వేలల్లో కనిపిస్తున్నది అంతరించే ప్రమాదంలో ఉందంటే నిర్వహణాధికారి నమ్మలేకపోయారు. ఒక్క దీపం చుట్టూ ఎన్ని మూగాయన్నది జాతి మొత్తం ఎంత ఉందో చెప్పదు.

ప్రయత్నించినవి, ఫలించనివి

మందు మానడానికి ఒప్పుకున్న నిర్వహణాధికారి బదులుగా ఒకటి అడిగారు: వంటశాలల్లో పెట్టే అతినీలలోహిత దీపపు ఎరలను ప్రతి అంతస్తులోనూ పెట్టాలని. దీపపు ఎర నాకు చదువుకునే రోజుల నుంచి తెలిసిన పరికరం. వరి చేలో కాండం తొలిచే పురుగు రెక్కల దశను పట్టుకోవడానికి పొలం మధ్యలో దీపం, కింద నీళ్ల పళ్లెం పెట్టిస్తాం. అక్కడ మన కోరిక పురుగు దీపం దగ్గరికి రావాలనే. ఇక్కడ కోరిక దానికి సరిగ్గా వ్యతిరేకం. అయినా లోపలికి వచ్చేసినవాటిని పట్టుకుంటుందేమో చూద్దామని ఒక అంతస్తులో, గాజు గోడకు దూరంగా, కొన్ని ఎరలు పెట్టి చూశాం. ఎరల్లో పడ్డవి ఉన్నాయి, కానీ ఆ అంతస్తు కిటికీల బయట అంటుకున్నవి పై అంతస్తుకంటే, కింది అంతస్తుకంటే ఎక్కువయ్యాయి. ఆ ఎరలు తీసేశాం.

తరువాతిది పూర్తిగా చీకటి చేయడం. కాన్‌బెర్రాలో ఈ మాట కొత్తదేమీ కాదు; 1988లో ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనాన్ని ఈ చిమ్మటలు ముంచెత్తిన కథలు ఊళ్లో అందరికీ తెలుసు. కానీ భద్రతా విభాగం ఒప్పుకోలేదు, వారి అభ్యంతరంలో న్యాయం ఉంది: రాత్రిపూట వచ్చిపోయే ఉద్యోగులు ఉన్నారు, అత్యవసర ద్వారాల దగ్గర వెలుతురు నిబంధన. అన్నీ ఆర్పేయమనే సలహా కాగితం మీద శుభ్రంగా కనిపిస్తుంది గాని, అమలు కాని సలహాకు విలువ లేదు. కాబట్టి ప్రశ్నను మార్చుకున్నాం: ఉన్న దీపాల్లో ఏవి చిమ్మటలను ఎక్కువ లాగుతున్నాయి?

దీనికి సులువైన పద్ధతి ఒక రాత్రి దీపాలు వేసి మరో రాత్రి ఆర్పి, తెల్లవారి లెక్కపెట్టడం. దాన్ని వద్దనుకున్నాం. వలస చిమ్మటల రాక గాలి దిశను బట్టి, ఉష్ణోగ్రతను బట్టి రాత్రి రాత్రికీ ఎంతో మారుతుంది; బలమైన పడమటి గాలులు వీచిన ఏళ్లలో అవి దారి తప్పి సిడ్నీ మీద పడ్డాయి, 2000 ఒలింపిక్స్ మైదానపు దీపాల దగ్గర కూడా కనిపించాయి. మంగళవారం ఎక్కువ, బుధవారం తక్కువ అయితే దానికి కారణం మన దీపమో వాతావరణమో చెప్పలేం. అందుకని ఒకే రాత్రి భవనం రెండు పక్కలనూ పోల్చాం: ఒక పక్క మార్పు, ఇంకో పక్క పాతదే, కొన్ని రాత్రుల తర్వాత పక్కలు మార్చాం. ఉదయం బయట శుభ్రపరిచేవారు రాకముందే, ఒకే ఎత్తులో గీసుకున్న గోడ భాగాల మీద ఉన్నవి లెక్కించాం. పని కాస్త పెరిగినా, ఈ కేసులో నేను నమ్మగలిగిన సమాచారమంతా దీని నుంచే వచ్చింది.

మొదట మార్చింది బయటి దీపాల రంగు. నీలి, అతినీలలోహిత కాంతి ఎక్కువగా ఉన్న దీపాలు చిమ్మటలను ఎక్కువ లాగుతాయన్నది బాగా స్థిరపడిన విషయం. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2020లో వెలువరించిన వన్యప్రాణుల కాంతి కాలుష్య మార్గదర్శకాలు కూడా నీలిరంగు తక్కువ ఉన్న దీపాలు వాడమంటాయి. చల్లని తెల్ల ఎల్ఈడీలు తీసి కాషాయపు పసుపు రంగువి పెట్టించాం. ఆ దీపస్తంభాల దగ్గర తేడా కనిపించింది గాని లోపలికి వచ్చేవి పెద్దగా తగ్గలేదు. ఖర్చు పెట్టించి ఫలితం చూపలేకపోతే అడిగేవాళ్లు అడుగుతారు, అడిగారు కూడా.

కారణం వెతకడానికి రాత్రి కొండవాలు మీదికి వెళ్లి, చిమ్మట వచ్చే దిక్కు నుంచి భవనాన్ని చూశాం. అక్కడి నుంచి బయటి స్తంభాల దీపాలు కనిపించనేలేదు. కనిపించినవి రెండే: గాజు మెట్లదారి, కింది నుంచి పైకి దీపాలు వేసిన రాతి ముఖభాగం. భవనం లోపలి వెలుతురును బయటి దీపంగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తెల్లవార్లూ ఎవరూ ఎక్కని మెట్ల మీద ప్రతి అంతస్తులోనూ తెల్ల దీపాలు వెలుగుతున్నాయి.

ఫలించింది

ఇక్కడ దీపం పురుగును ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి. పురుగులు దీపం మీద మోజుతో వస్తాయని మనం అనుకుంటూ వచ్చాం. 2024లో హైస్పీడ్ కెమెరాలతో చేసిన ఒక పరిశోధన వేరే సంగతి చూపింది. రాత్రి ఎగిరే కీటకాలు వెలుతురు ఎక్కువున్న దిక్కుకు వీపు తిప్పి ఎగురుతాయి. మామూలు రాత్రిలో అది ఆకాశం, కాబట్టి వీపు పైకే ఉంటుంది. పక్కన దీపం ఉంటే వీపు అటు తిరిగి, దారి వంగి, అవి ఆ దీపం చుట్టూ చిక్కుకుంటాయి. దీపం కింద ఉంటే తలకిందులై నేల మీద పడిపోతాయి. ముఖభాగానికి కింది నుంచి వేసిన దీపాల పాదుల్లో చిమ్మటలు వెల్లకిలా పడి ఉండటం మేము చూసిందే. అందుకే మా జాబితాలో అన్నిటికంటే ముందు ఆ పైచూపు దీపాలను పెట్టి, సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా పూర్తిగా ఆర్పించాం. అలంకారం తప్ప వాటికి వేరే ప్రయోజనం లేదు కాబట్టి భద్రతా విభాగం అడ్డు చెప్పలేదు.

మెట్లదారికి మనిషి కదలికతో వెలిగే సెన్సార్లు పెట్టించాం. ఎవరైనా ఎక్కినప్పుడు ఆ అంతస్తూ దాని పైదీ వెలిగి, కొద్ది నిమిషాలకు ఆరిపోతాయి. ఆఫీసు గదుల్లో శుభ్రపరిచే పని అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున వెలుతురు వచ్చాకకు మార్పించాం. ఇది సాంకేతికంగా అన్నిటికంటే సులువైన మార్పు, ఒప్పించడానికి మాత్రం అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది, ఎందుకంటే అది మనుషుల పనివేళలకు సంబంధించినది. ఆ పని చేసేవారితో నేరుగా మాట్లాడితే, చచ్చిన పురుగులను ఊడ్చే బాధ తప్పుతుందని వారే ముందుకొచ్చారు. కాషాయపు పసుపు దీపాలు ఇప్పుడు ఉపయోగపడ్డాయి: పెద్ద వెలుగులు పోయాక తప్పనిసరిగా ఉంచవలసిన ద్వారాల దగ్గర అవి, కాంతి కిందికే పడేలా తొడుగులతో, మిగిలాయి.

దీపం చిమ్మటను భవనం దాకా తెస్తుంది, లోపలికి తెచ్చేది మరొకటి. తెల్లవారుతుండగా అది గుహ కోసం వెతుకుతుంది: చీకటి, సన్నని సందు, చల్లని గాలి. పైకప్పు మీది ఏసీ గాలి ద్వారాలు సరిగ్గా అలాంటివే. రాత్రి సగం ఫ్యాన్లు ఆపడం వల్ల భవనంలో గాలి ఒత్తిడి బయటికంటే తగ్గి, ప్రతి సందూ గాలిని లోపలికి పీలుస్తోందని సన్నగా పొగ వదిలే గొట్టంతో పరీక్షిస్తే తెలిసింది. తెల్లవారుజామున ఫ్యాన్ల సమయాలను సవరించి లోపలి ఒత్తిడి కొంచెం ఎక్కువ ఉండేలా చేశాం. గాలి ద్వారాలకు సన్నని జాలీ, తలుపుల అడుగున బ్రష్ పట్టీలు వేశాం. జాలీకి రెక్కల పొడి పట్టి గాలి తగ్గుతుంది కాబట్టి వలస కాలంలో దాన్ని తరచుగా దులపాలి. ఆ పని ఎవరిదో ఒప్పందంలో రాయకపోతే ఒక్క సీజన్‌లోనే ఎవరో ఒకరు జాలీని పీకేస్తారు.

అప్పటికీ లోపలికి వచ్చినవాటిని పగలు, అవి మత్తుగా ఉన్న వేళ, మెత్తని బ్రష్‌తో అట్టపెట్టెల్లోకి దులిపి, చీకటిగా చల్లగా ఉన్న గదిలో ఉంచి, పొద్దుగూకాక దీపాలకు దూరంగా కొండవైపు వదిలేశాం. ఇది కేవలం జాలి కాదు. బతికి వెళ్లిపోయిన చిమ్మట పైకప్పులో కళేబరం కాదు, కార్పెట్ బీటిల్‌కు మేత కాదు. వాటి దిక్కు గురించి నాకు బెంగ ఉండేది. వదిలినవి తిరిగి దారి పట్టుకుంటాయా అని. బోగాంగ్ చిమ్మటలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కంటికి కనిపించే గుర్తులతో కలిపి వాడుకుంటాయని 2018లో, నక్షత్రాలున్న ఆకాశాన్ని చూసి సరైన దిక్కు పట్టుకోగలవని 2025లో పరిశోధకులు నిరూపించారు. ఆకాశం కనబడే చీకటి చోట వదలాలన్న మా నియమానికి ఆ తర్వాతి పరిశోధన ఆధారం చేకూర్చింది.

ఫలితం, దాన్ని చదవవలసిన తీరు

మరుసటి వసంతంలో ఫిర్యాదులు చాలా తగ్గాయి. పొగ పరికరాలు మోగలేదు. అయితే అంతటితో మా పద్ధతి గెలిచిందని రాసేస్తే తప్పు. ఈ చిమ్మటల సంఖ్య మైదానాల్లో ఆ శీతాకాలం వానలు పడ్డాయా లేదా అన్నదాని మీద ఏటికేడు విపరీతంగా మారుతుంది. వలసే పలచగా ఉన్న ఏడు ఏ భవనంలోనైనా ఫిర్యాదులు తగ్గుతాయి. దాన్ని తేల్చడానికి, అదే వీధిలో దీపాలు మార్చని మరో భవనం గోడలను, వారి అనుమతితో, అదే ఉదయాల్లో లెక్కించాం. అక్కడ చిమ్మటలు గుంపులుగా ఉన్న రోజుల్లో మా భవనం మీద చెదురుమదురుగా ఉన్నాయి. ఆ తేడా లేకపోతే నేను ఈ కేసును రాసేవాణ్ణి కాదు.

పూర్తిగా తీరనిది ఒకటుంది. ప్రధాన ద్వారం దగ్గరి వెలుతురును నిబంధనల ప్రకారం ఒక స్థాయి కంటే తగ్గించడం కుదరదు, గాలి అనుకూలించిన రాత్రుల్లో అక్కడ చిమ్మటలు చేరుతూనే ఉన్నాయి. ద్వారానికి రెండు వరుసల తలుపులు ఉండటం వల్ల లోపలికి వచ్చేవి తక్కువ. దాన్ని అలాగే వదిలేశాం.

ఈ పని చేసేవారికి

వలస పురుగు కేసులో మొదట అడగవలసింది కాలెండరు. ఫిర్యాదులు ఏ వారంలో మొదలై ఏ వారంలో ఆగుతాయో పాత రిజిస్టర్లలో చూస్తే, పురుగును చూడకముందే సగం నిర్ధారణ అయిపోతుంది. రెండోది, భవనాన్ని పురుగు వచ్చే దిక్కు నుంచి రాత్రిపూట చూడాలి. పగలు లోపల నడుస్తూ తయారుచేసిన దీపాల జాబితాలో మా మెట్లదారి లేనే లేదు. దీపాల రంగు మార్చడం మంచిదే, కానీ అది ఆర్పగలిగినవి ఆర్పాక, మళ్లించగలిగినవి మళ్లించాక చేయవలసిన పని. వరుస తప్పితే ఖర్చు ముందు కనిపిస్తుంది, ఫలితం కనిపించదు.

శరదృతువులో తిరుగు ప్రయాణపు చిమ్మటల కోసం కూడా ఇవే ఏర్పాట్లు చేయాలా అని నిర్వహణాధికారి అడిగారు. పాత రిజిస్టర్లలో ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య ఫిర్యాదులు నామమాత్రంగా ఉన్నాయి, కాబట్టి మెట్లదారి సెన్సార్లను ఏడాది పొడవునా ఉంచి, ముఖభాగపు దీపాలను డిసెంబరు నుంచి వేసుకోవచ్చని చెప్పాను. మొదటి ఏడు వేశారు. ఆ తర్వాత కరెంటు బిల్లు చూసి వాళ్లే మానేశారు.